కుట్ల నొప్పికి నల్లమందు ఎందుకు ఇవ్వలేదు? పాలమూరు వైపు నుంచి ఒక గోలీ చరిత్ర



గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ ఎవరికైనా ఆపరేషన్ అయి ఇంటికి పంపేటప్పుడు చేతికి ఒక మందుల కవర్ ఇస్తారు. దాన్ని ఎప్పుడైనా విప్పి చూశారా? ఒక యాంటీబయాటిక్, ఒక గ్యాస్ గోలీ, ఒక నొప్పి గోలీ. ఆ నొప్పి గోలీ పారాసిటమాలో, డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో అయి ఉంటుంది. మామూలుగా అంతే.

ఇదే ఆపరేషన్ అమెరికాలో జరిగితే కవర్ వేరేగా ఉండేది. అపెండిక్స్, పిత్తాశయం లాంటి మామూలు ఆపరేషన్లు అయినవాళ్లను కొన్ని దేశాల్లో కలిపి లెక్క తీశారు. అమెరికాలో వందలో 91 మందికి ఓపియాయిడ్ గోలీలు రాసి ఇంటికి పంపారు. మిగతా దేశాల్లో వందలో ఐదుగురికి. కోసింది ఒకటే, కుట్లు ఒకటే, చీటీ మాత్రం పూర్తిగా వేరు.

ఓపియాయిడ్ అంటే నల్లమందు జాతి మందు. మార్ఫిన్, కోడీన్, ఆక్సికోడోన్, ఫెంటనిల్, ట్రమడాల్ అన్నీ ఆ వంశమే. నొప్పిని బాగా తగ్గిస్తాయి, కానీ అలవాటు చేస్తాయి. అందుకే 2025 జనవరి 30న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఒక కొత్త నొప్పి గోలీకి అనుమతి ఇస్తే ప్రపంచమంతా వార్త అయింది. నల్లమందు జాతి కాని, కొత్త తరహా నొప్పి మందు. దాని పేరు సుజెట్రిజిన్.

ఇక్కడ మన ప్రశ్న. నల్లమందు జాతి లేకుండా కుట్ల నొప్పి తగ్గించడం అమెరికాకు కొత్త కావచ్చు. మన దగ్గర ఎప్పటి నుంచో అదే కదా? మరి మనం వాళ్లకంటే ముందున్నామా? లేక మనకు వేరే దారి లేక అలా జరిగిందా? ఈ ఎపిసోడ్‌లో ఆ సంగతి చూద్దాం.

టేబుల్ మీద నొప్పి, మంచం మీద నొప్పి

మొదట ఒక తేడా పట్టుకోవాలి. ఆపరేషన్ జరిగేటప్పుడు నొప్పి ఒకటి, ఆపరేషన్ అయ్యాక నొప్పి ఇంకొకటి. మొదటిదానికి మందు 1846లో దొరికింది. ఆ ఏడాది అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే పళ్ల డాక్టర్ ఈథర్ పీల్పించి, మనిషికి తెలియకుండా ఆపరేషన్ చేయించి చూపించాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్ వాడాడు.

క్లోరోఫామ్‌తో ఒక చిక్కు ఉండేది. అప్పుడప్పుడు మనిషి టేబుల్ మీదే చనిపోయేవాడు. ఎందుకు? గుండె ఆగిపోయిందా, ఊపిరి ఆగిపోయిందా? ఈ గొడవ తేల్చడానికి పెద్ద ఎత్తున ప్రయోగం ఎక్కడ జరిగిందో తెలుసా? లండన్‌లో కాదు, మన హైదరాబాద్‌లో.

అప్పుడు నిజాం ఆరో మహబూబ్ అలీ ఖాన్. మన పాత జిల్లా మహబూబ్‌నగర్‌కు పేరొచ్చింది ఆయన వల్లే. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పెద్ద. ఎడిన్‌బరోలో చదువుకున్నవాడు. "నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి చూడండి, ఊపిరి సరిగ్గా ఉంటే క్లోరోఫామ్‌తో భయం లేదు" అనేది ఆయన వాదం. 1888లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ అని ఒకటి పెట్టి ప్రయోగాలు చేశారు. లండన్ నుంచి వచ్చే ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ ఓడెక్కి వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే అని లారీ మాటకే ఓటేశారు.

ఆ తీర్పు పూర్తిగా నిలబడలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్, మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫామ్ వల్ల గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చూపించాడు. కానీ లారీ నేర్పిన ఒక అలవాటు మిగిలింది. మత్తు ఇచ్చినవాళ్లు ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలి. నేటికీ అది మారలేదు.

ఆ మెడికల్ స్కూల్‌లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889 నుంచి హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇచ్చారు. ప్రపంచంలో మత్తు డాక్టర్లుగా పనిచేసిన తొలి మహిళల్లో ఆమె ఒకరు.

ఇంత గొప్ప చరిత్ర మన రాష్ట్రంలో ఉంది. కానీ గమనించండి, ఈ కథలో అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: టేబుల్ మీద మనిషి బతుకుతాడా లేదా? మత్తు దిగాక, మంచం మీద పడుకున్న మనిషికి ఆ రాత్రి ఎలా గడిచింది అన్నది ఆ కమిషన్ అడిగిన ప్రశ్న కాదు. బతికితే చాలు అనుకునే కాలం అది. గద్వాల, వనపర్తి అప్పుడు సంస్థానాలు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాలకు వచ్చే రైలు మార్గం అప్పటికి లేదు. నడిగడ్డ నుంచి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిదాకా చేరడమే పెద్ద గండం.

రెండో నొప్పి, అంటే మంచం మీద నొప్పి, అలా వెనకబడిపోయింది.

పన్నెండు రోజుల్లో రెండు మందులు

మంచం మీద నొప్పికి పాత కాలం నుంచి ఉన్న మందు నల్లమందే. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు. 1800 దాటిన కొత్తలో జర్మనీలో జెర్టూర్నర్ అనే మందుల షాపు కుర్రాడు దాన్నుంచి మార్ఫిన్ విడదీశాడు. సూది వచ్చాక మార్ఫిన్ యుద్ధభూముల్లో, ఆసుపత్రుల్లో రాజ్యమేలింది. దాని వెంటే అలవాటూ వచ్చింది.

ఇప్పుడు చరిత్రలో ఒక తమాషా. 1897 ఆగస్టులో, జర్మనీలోని బేయర్ కంపెనీ ప్రయోగశాలలో, పన్నెండు రోజుల తేడాలోపు రెండు మందులు తయారయ్యాయి. ఒకటి ఆస్పిరిన్. రెండోది హెరాయిన్. అవును, ఆ హెరాయినే. దాన్ని దగ్గు మందుగా అమ్మారు. అలవాటు చేయదు అని కూడా నమ్మారు. ఒకే గదిలో నొప్పి మందుల రెండు దారులూ అలా విడిపోయాయి. ఒక దారి నల్లమందుది. ఇంకో దారి ఆస్పిరిన్‌ది.

పారాసిటమాల్ కథ ఇంకా విచిత్రం. 1886లో, అప్పట్లో జర్మనీ కింద ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో కాన్, హెప్ అని ఇద్దరు కుర్ర డాక్టర్లు పొట్టలో పురుగులకు నాఫ్తలీన్ వాడి చూస్తున్నారు. షాపువాడు పొరపాటున వేరే పొడి ఇచ్చాడు. పురుగులు పోలేదు కానీ రోగికి జ్వరం దిగింది. ఆ పొడి పేరు ఎసిటనిలైడ్. జ్వరానికి, నొప్పికి బాగా పనిచేసింది. కానీ కొందరికి ఒళ్లు నీలంగా మారేది, రక్తం ఆక్సిజన్ మోయలేకపోయేది.

దాని చుట్టాల్లో ఒకటి పారాసిటమాల్. 1893లో ఫాన్ మేరింగ్ అనే డాక్టర్ దాన్ని మనుషులకు ఇచ్చి చూసి, ఇది కూడా ఒళ్లు నీలం చేస్తుంది అని రాసేశాడు. బహుశా ఆయన చేతిలో ఉన్న మందే శుభ్రంగా లేదు. ఆ ఒక్క మాటతో యాభై ఏళ్లకు పైగా దాన్ని ఎవరూ ముట్టలేదు. 1948లో న్యూయార్క్‌లో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అసలు సంగతి బయటపెట్టారు. ఎసిటనిలైడ్ మింగితే ఒంట్లోకి వెళ్లి పారాసిటమాల్‌గా మారుతోంది. నొప్పి తగ్గించేది ఈ పారాసిటమాలే. నీలం చేసేది వేరే ముక్క. అప్పుడు 1955లో అమెరికాలో, 1956లో బ్రిటన్‌లో అది అమ్మకానికి వచ్చింది. ఈరోజు మనం డోలో అని, కాల్పాల్ అని పిలిచేది దీన్నే.

తర్వాత వరుసగా వచ్చాయి. 1969లో బ్రిటన్‌లో ఐబుప్రొఫెన్. 1970లలో డైక్లోఫెనాక్. 1980ల చివర్లో కీటోరొలాక్ సూది. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో జాన్ వేన్ తేల్చాడు. దెబ్బ తగిలిన చోట ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం పుట్టి నొప్పిని, వాపును పెంచుతుంది. ఆస్పిరిన్ అది పుట్టకుండా ఆపుతుంది. దీనికి ఆయనకు 1982లో నోబెల్ వచ్చింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కీటోరొలాక్ కూడా అదే పద్ధతి.

మనకు దారి ఎవరు వేశారు?

సరే, రెండు దారులున్నాయి కదా. అమెరికా నల్లమందు దారిలో అంత దూరం ఎందుకు పోయింది, మనం ఎందుకు పోలేదు?

అమెరికాలో 1990లలో డాక్టర్లలోనే ఒక మంచి ఆలోచన మొదలైంది. నాడి, బీపీ, జ్వరం, ఊపిరి చూసినట్టే నొప్పి ఎంతుందో కూడా రోగిని అడిగి రాయాలి అని. నిజంగా మంచి మాట. కానీ అదే సమయంలో, 1996లో, పర్డ్యూ అనే కంపెనీ ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ గోలీ తెచ్చి, దీనికి అలవాటు పడే ప్రమాదం తక్కువ అని ఊదరగొట్టింది. 2007లో ఆ కంపెనీ మోసపు ప్రచారం చేశామని కోర్టులో ఒప్పుకుంది. కానీ అప్పటికే ఊళ్లకు ఊళ్లు అలవాటు పడిపోయాయి. జ్ఞానదంతం పీకినా ఓపియాయిడ్ చీటీ. తర్వాత ఆ అలవాటు దొంగ ఫెంటనిల్‌కు పాకింది. 2021 నాటికి అమెరికాలో డ్రగ్స్ మోతాదు మించి చనిపోయేవాళ్లు ఏడాదికి లక్ష దాటారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది ఓపియాయిడ్లే.

మన దగ్గర జరిగింది దీనికి సరిగ్గా ఉల్టా. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. మత్తు పదార్థాల దొంగ వ్యాపారం ఆపడానికి చేసిన చట్టం. మంచిదే. కానీ ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవాలంటే లైసెన్సుల మీద లైసెన్సులు. చిన్న తప్పుకు కూడా జైలు భయం. దాంతో ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోవడం మానేశాయి. 1985 నుంచి 1997 మధ్య దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 97 శాతం పడిపోయింది. 1997లో ఇంత పెద్ద దేశం మొత్తానికి వాడింది 18 కిలోలు. ఆశ్చర్యం ఏంటంటే, ప్రపంచంలో మందుల కోసం చట్టప్రకారం నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదీ ఒకటి. పండించేది మనం, మన క్యాన్సర్ రోగికి మాత్రం దొరకదు. 2014లో చట్టం సవరించి లైసెన్సుల చిక్కు కొంత తగ్గించారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల మార్ఫిన్‌తో నొప్పి తగ్గించే వైద్యం నడుస్తోంది. ట్రమడాల్ మాత్రం 2018లో చట్టం కిందికి వెళ్లింది.

అంటే ఒక దారి మూసుకుపోయింది. రెండో దారి తెరిచిందెవరు? హైదరాబాదే.

1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ పెట్టింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో దాని మందుల ఫ్యాక్టరీ కట్టారు. ఆ ఫ్యాక్టరీ మందులతో పాటు మనుషుల్ని కూడా తయారుచేసింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. కీటోరొలాక్ గోలీకి ఆ కంపెనీ పెట్టిన పేరు కీటోరాల్. మన దగ్గరే కాదు, రష్యాలో కూడా ఇంటింటికీ తెలిసిన పేరు. బొంతపల్లిలో పారాసిటమాల్ చేసే గ్రాన్యూల్స్ ఇండియా, ప్రపంచంలో ఆ మందు పెద్ద ఎత్తున చేసే కంపెనీల్లో ఒకటి. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు మన ప్రభుత్వం పారాసిటమాల్ ఎగుమతికి అడ్డుకట్ట వేస్తే బయటి దేశాలు కంగారుపడ్డాయి. మన హైదరాబాద్ రోడ్డు మీద, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఇప్పుడు వరుసగా మందుల ఫ్యాక్టరీలు. నేషనల్ హైవే మీద గద్వాలకు, వనపర్తికి పోయే బస్సు కిటికీలోంచి కనిపిస్తాయి.

కాబట్టి మన మందుల కవర్‌లో పారాసిటమాల్, డైక్లోఫెనాక్ ఉండటం వెనక ఒక తెలివైన నిర్ణయం ఏమీ లేదు. ఒకవైపు చట్టం భయం, ఇంకోవైపు పక్కనే చవగ్గా తయారయ్యే గోలీ. ఈ రెండూ కలిసి మన తరఫున నిర్ణయం చేసేశాయి. ఫలితం మంచిదే వచ్చింది. ఆపరేషన్ చీటీతో మనవాళ్లు మత్తుకు బానిసలు కాలేదు. కానీ అమెరికావాళ్లు మొదట వేసిన మంచి ప్రశ్న, "నొప్పి ఎంత ఉంది?" అన్నది, అది కూడా మన వార్డుల్లోకి సరిగ్గా రాలేదు.

మందు దొరికింది. అడిగే అలవాటు రాలేదు. ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే.

2007 ఏప్రిల్ 1

ఇది మన జిల్లాలకు ఎందుకంత ముఖ్యం? ఆరోగ్యశ్రీ మొదలైంది 2007 ఏప్రిల్ 1న. మొదట మూడంటే మూడు జిల్లాల్లో: అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉన్నాయి. విడి జిల్లాలు అయింది 2016 అక్టోబర్ 11న. అంటే అప్పులు చేయకుండా పెద్ద ఆపరేషన్ చేయించుకునే అవకాశం రాష్ట్రంలో ముందుగా అందినవాళ్లలో మన పాలమూరు కూలీ, రైతు ఉన్నారు.

ఆ తర్వాత ఆసుపత్రులూ దగ్గరికి వచ్చాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2024లో గద్వాలకూ వచ్చింది. ఒకప్పుడు కర్నూలుకో హైదరాబాద్‌కో పోతే గానీ జరగని ఆపరేషన్లు జిల్లాలోనే చేసే రోజులు వస్తున్నాయి.

ఇంకో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వంద కాన్పుల్లో దాదాపు 61 పెద్దాపరేషన్లు. దేశం మొత్తం మీద వందలో 21 లేదా 22. అవసరం లేకున్నా కోస్తున్నారా అన్నది ఇంకో ఎపిసోడ్ సంగతి. కానీ ఒకటి ఖాయం. మన రాష్ట్రంలో ఆపరేషన్ తర్వాత నొప్పి అంటే, అన్నిటికంటే ఎక్కువగా అది బాలింత నొప్పి. మీ అక్క, మీ వదిన, రేపు మీ భార్య, లేదా మీరే.

ఆ బాలింతకు వార్డులో ఏం చెప్తారు? ఓర్చుకోమ్మా, అందరం ఓర్చుకున్నవాళ్లమే. ఆడదానికి ఆ మాత్రం ఓపిక ఉండాలి. బిడ్డకు పాలిస్తున్నావు, గోలీలు ఎక్కువ మింగకు. ఇది పెద్దవాళ్ల ప్రేమే, కాదనను. కానీ ఓర్చుకోవడానికి ఖరీదు ఉంది. పొట్ట మీద కుట్లు నొప్పి పెడితే మనిషి గట్టిగా ఊపిరి తీసుకోదు, దగ్గదు, మంచం దిగి నడవదు. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. బిడ్డను ఎత్తుకుని పాలివ్వడం కష్టమవుతుంది. నొప్పి తగ్గించడం అంటే సుఖం చూసుకోవడం కాదు, కోలుకోవడంలో అది ఒక భాగం.

డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ 1990లలో దీన్నే గట్టిగా చెప్పాడు. ఒక్క మందు మోతాదు పెంచుకుంటూ పోవద్దు, వేరువేరు చోట్ల పనిచేసే మందుల్ని కొంచెం కొంచెం కలిపి ఇవ్వండి, రోగిని త్వరగా లేపి నడిపించండి అన్నాడు. ఈరోజు పెద్ద ఆసుపత్రులు పాటించేది ఆ పద్ధతే.

దీన్ని మన కాలువ లెక్కన చూద్దాం. కుట్ల దగ్గర పుట్టే నొప్పి చెరువు నీళ్లు అనుకోండి. నరం కాలువ. మెదడు ఊరు. డైక్లోఫెనాక్ లాంటివి చెరువులోకి వరద రాకుండా చూస్తాయి. కుట్ల దగ్గర ఇచ్చే తిమ్మిరి సూది కాలువను కొన్ని గంటలు పూర్తిగా మూసేస్తుంది. పారాసిటమాల్ ఎక్కువగా ఊరి వైపున పనిచేస్తుందని అంటారు. ఓపియాయిడ్ ఊళ్లోకే వచ్చి, నీళ్లొచ్చినా ఎవరూ పట్టించుకోకుండా మత్తులో ఉంచుతుంది. చెరువు దగ్గర కొంత, కాలువలో కొంత, ఊరి దగ్గర కొంత ఆపితే ఊరికి మత్తు పెట్టే అవసరం బాగా తగ్గుతుంది. పెద్ద ఆపరేషన్లకు మొదటి ఒకటి రెండు రోజులు ఓపియాయిడ్ కావాల్సి రావచ్చు. ఆసుపత్రిలో డాక్టర్ చూస్తూ ఇస్తే దానికి భయపడక్కర్లేదు.

నొప్పి తెలియని పిల్లాడు

ఇప్పుడు ఆ కొత్త గోలీ దగ్గరికి వద్దాం. దాని వెనక కథ మొదలైంది పాకిస్థాన్ వీధిలో. అక్కడ ఒక పిల్లాడు నిప్పుల మీద నడుస్తూ, చేతుల్లో కత్తులు గుచ్చుకుంటూ డబ్బులు అడుక్కునేవాడు. వాడికి నొప్పి అంటే ఏంటో తెలియదు. పద్నాలుగో పుట్టినరోజు రాకముందే మిద్దె మీది నుంచి దూకి చనిపోయాడు. నొప్పి తెలియకపోవడం వరం కాదు అనడానికి వాడి బతుకే సాక్ష్యం. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు వాడి తరహాలోనే నొప్పి తెలియని దగ్గరి కుటుంబాల పిల్లల్ని పరీక్షించి 2006లో కారణం కనిపెట్టారు. నరాల్లో సోడియం లోపలికి వదిలే సన్నని తూములు ఉంటాయి. తూము తెరుచుకుంటేనే నొప్పి కబురు ముందుకు పోతుంది. ఆ పిల్లల్లో 1.7 అనే నంబరు తూము పుట్టుకతోనే పనిచేయడం లేదు.

తూము ఒక్కటి మూస్తే నొప్పి ఆగుతుందన్నమాట! కంపెనీలన్నీ దాని వెంట పడ్డాయి. 1.7 మీద అనుకున్నంత ఫలితం రాలేదు. దాని పక్కదైన 1.8 తూమును మూసే మందు చివరికి గెలిచింది. అదే సుజెట్రిజిన్. ఈ తూము ముఖ్యంగా మెదడు బయటి నొప్పి నరాల్లోనే ఉంటుంది. మందు మెదడులో పనిచేసేది కాదు కాబట్టి మత్తు, అలవాటు ఉండవని ఆశ.

అయితే వార్తల్లో చెప్పినంత అద్భుతమా? పొట్ట కొవ్వు తీసే ఆపరేషన్, కాలి బొటనవేలి ఎముక ఆపరేషన్ అయినవాళ్ల మీద పరీక్షించారు. ఉత్త గోలీ కంటే బాగా పనిచేసింది. కానీ పారాసిటమాల్‌తో ఓపియాయిడ్ కలిపిన పాత గోలీ కంటే మెరుగని తేలలేదు. అమెరికాలో ఒక్కో గోలీ ధర పదిహేను డాలర్లు దాటింది. మన డబ్బుల్లో వెయ్యి రూపాయల పైమాటే. మన వార్డుల్లో ఇప్పటికే ఉన్న చవక గోలీలను సరిగ్గా వాడితే వచ్చే లాభం, ఈ కొత్త గోలీ కోసం ఎదురుచూడటం కంటే ఎక్కువ.

సరిగ్గా వాడటం అంటే?

మొదటిది, అడగండి. అడ్మిట్ అయినప్పుడే, ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏం ఇస్తారు అని డాక్టర్‌ను గానీ మత్తు డాక్టర్‌ను గానీ అడగండి. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో నర్సుకు చెప్పండి. పడుకున్నప్పుడు కాదు, దగ్గినప్పుడు, లేచి నడిచినప్పుడు ఎంతుందో చెప్పండి.

రెండోది, గంట ప్రకారం. మొదటి రెండు మూడు రోజులు నొప్పి భరించలేనంత అయ్యాక గోలీ వెతుక్కోవడం కాదు, డాక్టర్ రాసిన గంటకు వేసుకోవాలి. చెరువు తెగాక కట్ట వేస్తామా?

మూడోది, రెండు స్ట్రిప్పుల్లో ఒకే మందు ఉందేమో చూడండి. పెద్దవాళ్లకు పారాసిటమాల్ రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. బరువు తక్కువ ఉన్నవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు, మందు తాగేవాళ్లకు ఇంకా తక్కువ. 650 గోలీలు ఆరు మింగితే దాదాపు నాలుగు గ్రాములు అయిపోతాయి. ఎసిక్లోఫెనాక్ గోలీలో కూడా చాలాసార్లు పారాసిటమాల్ కలిపి ఉంటుంది. ఫోన్ మీ చేతిలో ఉంది, స్ట్రిప్ వెనక పేరు చదవండి. అమ్మకు చదవడం రాకపోతే మీరు చదివి పెట్టండి.

నాలుగోది, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కీటోరొలాక్ జాతి అందరికీ పనికిరాదు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు, రక్తం పలచబడే మందులు, ఈ గోలీలతో ఆయాసం వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. కీటోరొలాక్ ఐదు రోజులు దాటకూడదు. పాత చీటీ పట్టుకుపోయి నెలల తరబడి కొనుక్కోవద్దు. మన వైపు ఎండలో పనిచేసి, నీళ్లు తక్కువ తాగి, ఒళ్లునొప్పులకు రోజూ ఈ గోలీ మింగే వాళ్లున్నారు. వాళ్ల కిడ్నీలకు అది మెల్లగా దెబ్బ కొడుతుంది.

ఐదోది, కుట్ల నొప్పి రోజురోజుకూ తగ్గాలి. పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా గోలీతో అణచిపెట్టకుండా దవాఖానకు పోవాలి. పాలిచ్చే తల్లికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మామూలు మోతాదులో ఇవ్వొచ్చని డాక్టర్లే చెప్తారు. బిడ్డ పేరు చెప్పి తల్లిని నొప్పిలో ఉంచక్కర్లేదు.

1889లో హైదరాబాద్‌లో లారీ తన విద్యార్థులకు నేర్పింది, మత్తులో ఉన్న మనిషి ఊపిరి చూస్తూ ఉండమని. అది ప్రాణాలు కాపాడింది. మందు ఎంత మంచిదైనా, చూసే మనిషి ఉంటేనే పనిచేస్తుందని దాని అర్థం. నొప్పికీ అంతే. మనకు గోలీ ఉంది, చవగ్గా ఉంది, పక్కనే తయారవుతోంది. ఇక మిగిలింది మంచం పక్కన కూర్చున్నవాళ్లు "ఎట్లుంది, నొప్పి ఎంతుంది?" అని అడగడం, చెప్పినదాన్ని నమ్మడం. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే ఆ అడిగే మనిషి మీరే కండి.